వీసం లోపు

మా ముత్తాత చిల్లకల్లు పరిసరాల్లో మూడు గ్రామాలకు మునసబు. మా తాత గుర్రం దిగకుండానే చేను చూసి దిగుబడి చెప్పేవారు. ఆ ఇంటికి వారసుణ్ణి నేను. నా కాలానికి జగ్గయ్యపేటలో అద్దె ఇల్లు, ఊళ్ళో ఒక మెట్ట చేను మిగిలాయి. వాటితో పాటు ఒక ఆచారం. పంట పంచేటప్పుడు మావాళ్ళు వీసం, అంటే పదహారో వంతు, దాకానే లెక్కపెట్టేవారు. అంతకన్నా చిన్నది ఎదుటివాడికి వదిలేయడం మాకు మర్యాద. నాన్నగారు నాకు భిన్నాలు కూడా అలాగే నేర్పారు.

డెబ్భైల చివర్లో నందిగామ కాలేజీలో లెక్కల మాస్టారు ఒక ప్రశ్న ఇచ్చారు. ఒకటిన్నరను ఒకటిన్నరతో మళ్ళీ మళ్ళీ హెచ్చవేస్తూ పోవాలి. ప్రతిసారీ పూర్ణాంకం తీసేసి మిగులు చూడాలి. మొదట ఒకటిన్నరలో అర, తర్వాత రెండుంపావులో పావు. మూడోసారి కాస్త పెరుగుతుంది. నాలుగోసారి ఐదూ వీసం. ఆ వీసం కన్నా చిన్న మిగులు ఎన్నోసారికి వస్తుంది?

ఎన్నటికీ రాదన్నారు నాన్నగారు. ఆయన మాట ఇంకా చెల్లే చోటు ఆ లెక్కలొక్కటే. ఆయన పద్ధతిలోనే, ప్రతి అంచెలో వీసం లోపుది వదిలేస్తూ, లెక్క కట్టి తీసుకెళ్ళాను. ఏడోసారికి నాకు పదిహేడుకు వీసం తక్కువ వచ్చింది. మాస్టారు బోర్డు మీద వేసి చూపారు. నిజానికి అది పదిహేడు దాటి, పైన నూట ఇరవై ఎనిమిదిలో పదకొండు వంతులు.

“మీ ఇంటి లెక్క దొరల లెక్కయ్యా, చిల్లర ముట్టుకోదు,” అన్నారు. క్లాసంతా నవ్వింది. లెక్క చెప్పడానికి లేచిన నేను గంట కొట్టేదాకా కూర్చోలేదు.

నాన్నగారికి చెప్పాలా వద్దా అన్నది బస్సు చిల్లకల్లు దాటేదాకా తేలలేదు. చివరికి చెప్పాను.

“వీసం లోపు వదలటం మన మర్యాదరా.”

“మనుషుల దగ్గరైతే మర్యాదేనండి. లెక్కలో తప్పండి, నాన్నగారూ.”

ఆయన కళ్ళజోడు తెచ్చుకున్నారు. “అయితే ఏదీ వదలకుండా కట్టు. నేను సరిచూస్తా.”

మూడు ఆదివారాలు పట్టింది. పై అంకెను మూడుతో, కింది అంకెను రెండుతో హెచ్చవేస్తూ పోయాం. నేను వేసినదాన్ని ఆయన మళ్ళీ వేసేవారు. ఇరవై ఏడోసారి మిగులు బాగా దిగి, మరుసటిసారి పెరిగిపోయింది. ఇరవై తొమ్మిదోసారి లక్షా ఇరవై ఏడు వేల ఎనిమిది వందల ముప్ఫై నాలుగు. పైన మిగులు యాభై మూడు కోట్ల చిల్లరలో రెండు కోట్ల పన్నెండు లక్షలు. వీసమైతే మూడు కోట్లు దాటాలి. ఆయన రెండుసార్లు సరిచూసి, “తప్పు నాదేరా,” అన్నారు. ఆయన నోట ఆ మాట విన్నది అదొక్కసారే.

మరుసటి వేసవిలో మెట్ట చేను అమ్మాం. రెండెకరాల పదిహేడున్నర సెంట్లు. ఆ అర సెంటును దస్తావేజులో పట్టుబట్టి రాయించింది ఆయనే.