సన్నాసమ్మప్ప రాయించిన నాలుగు నిమిషాలు

ఉరిమితే చాలు, నా వేళ్ల చివర్లు చల్లబడిపోతాయి. ఇవాళ మధ్యాహ్నం మేడ మీద వడియాలు ఎత్తుతుంటే గరివిడి వైపు నుంచి ఉరుము వినిపించింది, వెనకే తడిమట్టి వాసన వచ్చింది. అందరికీ హాయిగా ఉండే వాసనే. నాకు మాత్రం గుండెదడ పట్టుకుంది. వడియాలు అక్కడే వదిలేసి కిందికొచ్చి సన్నాసమ్మప్ప గురించి రాయడానికి కూర్చున్నాను. మా వైపు అక్కను అప్ప అంటాం. అంబులెన్సులో టెక్నీషియన్‌గా చేరిన కొత్తలో నాకు పని నేర్పిన సీనియర్ ఆవిడ.

మనిషి పొట్టి. గొంతు మాత్రం, ఆవిడ ఉంటే బండికి సైరన్ అక్కర్లేదు. ఖాళీ దొరికితే బండి మెట్టు మీద కూర్చోబెట్టి నాచేత ప్రభుత్వ నిబంధనల పుస్తకం చదివించేది. పేషెంటును ముట్టుకున్నాక ఆస్పత్రిలో అప్పగించేదాకా బాధ్యత మనదేనని, చేసిన ప్రతి పనీ టైముతో సహా కాగితం మీద పెట్టాలని అందులో ఉండేది. చనిపోయారని చెప్పే అధికారం డాక్టరుకు మాత్రమే ఉందన్న చోట ఆపి, "మళ్లీ సదువు. అది మనం సెప్పే మాట కాదు. ఊరోళ్లు మన మొకమే సూస్తారు," అనేది. డిగ్రీ చదివినదాన్ని, ఒకసారి చదివితే తెలియదా, ఇన్నిసార్లేమిటి అని లోలోపల విసుక్కునేదాన్ని. పొగరు, ఇంకేముంది!

చేరి నెల తిరగలేదు. ఊడ్పుల రోజులు. పొలంలో పిడుగు పడి ఒకామె పడిపోయిందని ఫోను వచ్చింది. బండి గట్టు దాటి వెళ్లలేకపోయింది. అప్ప, డ్రైవరు స్ట్రెచరు దించుతూ నన్ను సంచితో ముందు పరుగెత్తమన్నారు. బురదలో పడుతూ లేస్తూ చేరాను. పార్వతీ, పార్వతీ అని పిలుస్తున్నారు ఆమెను. నా వయసే ఉంటుంది. మెడ దగ్గర నాడి చూశాను. దొరకలేదు. అంతలో మళ్లీ ఉరిమింది, నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆమె భర్త నా భుజం పట్టుకుని, "ఏటమ్మా, ఉన్నాదా?" అన్నాడు. చుట్టూ అందరూ నా మొహమే చూస్తున్నారు.

"లేదండీ," అనేశాను.

ఒక్కసారిగా ఏడుపులు లేచాయి. ఎవరో నన్ను పక్కకు నెట్టారు. ఆమెను గట్టు మీదికి లాగి, పోయిన మనిషిని పడుకోబెట్టినట్టు తల దక్షిణానికి తిప్పేశారు. ఒక ముసలాయన ఆమె కాలి బొటనవేళ్లు కట్టడానికి తన తువ్వాలు అంచు చించుతున్నాడు. నేను చేయాల్సిన పని ఏదో నాకు తెలుసు. అయినా నెట్టిన చోటే నిలబడిపోయాను. అంత భయం నేను అంతకుముందు ఎరగను.

అప్ప వచ్చింది. "ఎవులు సెప్పినారు లేదని?"

అందరూ నా వైపు చూశారు. ఆవిడ నన్ను దాటుకుని ముందుకెళ్లింది. ముసలాయన చేతిలోని పేలిక లాగి పారేసి, మోకాళ్ల మీద కూలబడి పార్వతి ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. "తాతా, పిడుగుకి ఆగిన గుండె తిరిగి కొట్టుకుంటాది ఒకోపాలి. డాక్టరు సెప్పినదాకా ఈ మనిసి బతికున్నట్టే. అడ్డం రాకండి!" అని, నా వైపు తిరిగి, "ఒసే, సూస్తన్నావేటి? బేగి మాస్కు పెట్టి గాలి కొట్టు!" అంది.

కొట్టాను. ఎంతసేపో తెలియదు. చివరికి నాడి నా వేలికే తగిలింది. అక్కడే బావురుమన్నాను.

పెద్దాసుపత్రిలో అప్పగించాక కాగితం నింపుతున్నాను. ఛాతీ నొక్కడం మొదలైన టైము అనే గడి దగ్గర పెన్ను ఆగింది. నేను చేరిన టైమే అక్కడా వేసేస్తే ఎవరికీ తెలియదు. అప్ప పక్కనే నిలబడి ఉంది.

"నువ్వు సేరినప్పుడు బండి కాడ్నించి గడియారం సూసినాను. నేనొచ్చి నొక్కడం మొదలెట్టీసరికి నాలుగు నిమిషాలు తేడా ఉన్నాది. రాయి."

"అప్పా, నన్ను తీసేస్తారు."

"తీసీనీ. తలకి గాలందని నాలుగు నిమిషాలవి. లోపలున్న డాక్టరుకి తెలవాల. రాయే!"

ఏడుస్తూ రాశాను. కొత్తపిల్లను ఒంటరిగా ముందు పంపిన తప్పు తనదని కింద ఒక వాక్యం రాసి, నా సంతకం పక్కన ఆవిడా సంతకం పెట్టింది. పై ఆఫీసులో ఇద్దరికీ చీవాట్లు పడ్డాయి గానీ ఉద్యోగాలు మిగిలాయి.

పార్వతి బతికింది. రెండు నెలల తర్వాత ఆ ఊరి మీదుగా వెళ్తూ దిగాం. భర్త ఎదురొచ్చి నాకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను. పార్వతి అరుగు మీద కూర్చుని ఉంది. మూడేళ్ల కూతురు ఒళ్లోకి ఎక్కుతోంది. ఆమె ఆ పిల్లను చూసి ముద్దుగా నవ్వి, "ఈ గుంట ఎవులిదమ్మా?" అని నన్ను అడిగింది.

బండి ఎక్కాక అప్పను అడిగాను, అది పిడుగు వల్లా, నా వల్లా అని. ఓదారుస్తుందనుకున్నాను.

"తెల్దే. డాక్టరుకీ తెల్దు," అంది. బండి దిగేటప్పుడు, "రేపు డూటీకి బేగి రా," అంది.

ఆవిడ పదవీ విరమణ చేసి పొందూరు దగ్గర కూతురింట్లో ఉంటోంది. ఇప్పుడు నేనే సీనియర్‌ని. ఇప్పటికీ ఎవరి మెడ మీద వేలు పెట్టినా భయంతో ఒళ్లు చెమట పడుతుంది. నాడి దొరక్కపోతే పళ్లు బిగించి చేతులకు పని చెబుతాను. పార్వతి కూతురు ఇప్పుడు బడికి వెళ్తోంది. రోజూ పొద్దున్నే తల్లికి తన పేరు చెప్పి వెళ్తుందట.