మఠం కొట్టు మీద గచ్చు మోత

1990 మార్చి 4, ఆదివారం. మెల్‌బోర్న్, సన్‌షైన్ పేటలో మా అమ్మాయి ఇల్లు. ఉన్నవారు: నేను, నా భార్య రమణమ్మ, మనవరాలు లత, పక్కింటి కార్మెలో.

పొద్దున్నే పెరటి కంచె అవతలి నుంచి, రాతిసున్నం మీద నీళ్లు పోస్తే లేచే వెచ్చని ఘాటు వాసన వచ్చింది. మాల్టా ద్వీపంలో పుట్టిన కార్మెలో కోళ్లగూటి పైకప్పు కోసం పగిలిన మట్టి పూలకుండీలను పొడి చేసి సున్నంలో కలుపుతున్నాడు. నా చేతిలో మా పినతండ్రి కొడుకు అప్పలస్వామి శ్రీకాకుళం నుంచి రాసిన ఉత్తరం ఉంది. మా ఊరి మఠం ధాన్యపు కొట్టు ఈ వానాకాలం కూడా కారితే దాన్ని పడగొట్టి సిమెంటు హాలు కడతారట. నాలుగేళ్ల కిందట నేను నా చిన్ననాటి డైరీ చూసి రాసి పంపిన పద్ధతిలో దాని కప్పు మీద వేసిన సున్నపు గచ్చు బీటలిచ్చింది. ఇంకేమైనా తెలిస్తే వెంటనే రాయమన్నాడు.

ఆ మఠం బైరాగులది. ఎన్నో వందల ఏళ్ల కిందట ఉత్తరాది నుంచి బల్లేలు, కత్తులు పట్టుకుని వచ్చి, జగన్నాథం వెళ్లే యాత్రికులకు దారిలో కాపలా కాసిన సన్యాసుల దళానికి అప్పటి జమీందారు ఆ పొలాలూ తోటా రాసి ఇచ్చాడని పెద్దలు చెప్పేవారు. నేను ఎరిగేనాటికి కత్తులు దసరా పూజకు తప్ప ఒరలోంచి వచ్చేవి కావు. వాటికి పసుపు కుంకుమలు పెట్టి, నేతి రొట్టెలు, బెల్లం పానకం పంచేవారు. వేసవిలో తోట నిండా జీడిపళ్ల వగరు వాసన, వానాకాలంలో కొట్టు లోపల ధాన్యపు వేడి, చలికాలం పొద్దుటిపూట వంటశాల ముందు పిడకల పొగ, ఆ పొగలోంచి దగ్గుతూ వచ్చి మా జేబుల్లో వేయించిన శనగలు పోసే ముసలి బైరాగి. కొట్టు కావలి మా నాన్నది. పిల్లలం దాని మందపాటి గోడల చుట్టూ దాగుడుమూతలాడేవాళ్లం. ఎండాకాలంలో ఆ గోడకు చెంప ఆనిస్తే చల్లగా ఉండేది.

ఏటా ఫాల్గుణంలో కొట్టు మీద గచ్చు బాగుచేసేవారు. నాకు పదకొండో ఏడు వచ్చిన సంవత్సరం నాన్న ఒక నోటుపుస్తకం ఇచ్చి, జరిగేదంతా రాయమన్నాడు. అదే నా మొదటి డైరీ. సున్నం గుంట పక్కన కూర్చుని, ఎన్ని తట్టల సున్నం, ఎంత ఇటుక పొడి, కరక్కాయ నీళ్లు ఎన్ని కుండలు, మారేడు గుజ్జు ఎంత, మగవాళ్లు కలిపినదంతా కలిపినట్టే రాశాను. పైన ఆడవాళ్లు బారులుగా కూర్చుని, పాట పాడుతూ చెక్కలతో గచ్చు కొట్టేవారు. ఆ మోత ఆగితే భోజనాల వేళ అయిందని మాత్రమే నాకు తెలుసు. పుస్తకంలో వాళ్ల గురించి ఒక్క మాట ఉంది: ‘ఆడవాళ్లు కొట్టారు.’ నాలుగేళ్ల కిందట వేసిన గచ్చు బీటలిచ్చిందని తెలిసినప్పుడు, తప్పు మేస్త్రీలదని ఇప్పటి డైరీలో రాసుకున్నాను.

వాసన పట్టుకుని కంచె దాటి వెళ్లాను. కార్మెలో కప్పు మీద సున్నం పరిచి, బల్లపరుపు చెక్కతో కొడుతున్నాడు. వాళ్ల ద్వీపంలోనూ కత్తి పట్టిన సన్యాసుల దళం ఒకటి ఏలిందట. ఆ దళం పాత పొలంలోనే వాళ్ల తాత కౌలుకు ఉండేవాడట. పొలంలోని ఇంటి కప్పు వాళ్లమ్మే కొట్టేదట. మా వాళ్లకు మెడలో తులసిపూసలు, మీ వాళ్లకు శిలువ అన్నాను.

“సేమ్ బాస్, మేట్. డిఫరెంట్ హ్యాట్!” అని నవ్వి, చెక్క పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

తీగ మీద బట్టలు ఆరేస్తున్న రమణమ్మ అక్కడి నుంచే, “అప్పుడే ఆపేత్తన్నాడేటి? మోత ఇంకా మెత్తగానే ఉంది గదా!” అంది.

“నీకెలా తెలుసు?” అన్నాను. ఆమె నా మేనమామ కూతురు, మాది ఒకే వీధి.

“మా అమ్మ పక్కన కూకుని మూడేళ్లు కొట్టినాను.”

“మరి నాకెప్పుడూ చెప్పలేదేం?”

“మీరడిగినారేటి? సున్నం గుంట కాడ పుస్తకం ఎట్టుకుని కూకున్నారు గానీ, ఒక్కనాడైనా మీదకెక్కి సూసినారా?”

“తాతా, యు మిస్డ్ ద మెయిన్ పార్ట్!” అంది నా వెనకే కంచె దాటి వచ్చిన లత, నవ్వు ఆపుకోలేక.

రమణమ్మ కొంగు బిగించి చెక్క అందుకుంది. కొడితే తడి పైకి ఊరాలట. ఊరిన చోట బెల్లం నీళ్లు చిలకరించి మళ్లీ కొట్టాలి. మఠం కొట్టుకైతే మూడు రోజులు, చెక్క దెబ్బకి ఇత్తడి బిందె మోగినట్టు మోగేదాకా. ఆ తరువాత రెండు వారాలు తడిగడ్డి కప్పి ఉంచాలి. కోళ్లగూడు చిన్నది కనుక సాయంత్రం ఎండ వాలేసరికే మోత మారింది. నా చెవికి కూడా తెలిసింది. కార్మెలో తల మీది టోపీ తీసి ఆమె ముందు వంగాడు.

టీ తాగుతూ అప్పలస్వామికి జవాబు మొదలుపెట్టాను. ఆ మోత గురించి మూడు వాక్యాలు రాసి మూడూ కొట్టేశాను. ఆనాడు ఆ కప్పు మీద కూర్చున్నవాళ్లలో ఊళ్లో ఒక్కరూ మిగలలేదని అతని ఉత్తరంలోనే ఉంది. తోట ముక్కలైంది, వంటశాల కూలింది, కత్తులు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. మిగిలింది కొట్టు, ఎదురుగా కూర్చున్న ఈ ఒక్క మనిషి చెవుల్లో దాని మోత.

“కాయితం మీద మోతేటి రాత్తారు?” అంది రమణమ్మ. “వానలకి ఇంకా మూడు నెలలుంది. నానెల్తాను.”

ఆమె మోకాళ్ల నొప్పి సంగతి ఎత్తబోయాను. ఆమె చూసిన చూపుకు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు సోమవారం పొద్దున కార్మెలో కప్పు మీద పరిచిన తడిగడ్డి మీదే ఒక బకెట్టు నీళ్లు పోశాడు. లత వంగి గూటిలోకి చేయి పెట్టి, లోపలి గడ్డి ఇంకా పొడిగానే ఉందని తీసి చూపించింది. తొమ్మిదికల్లా రమణమ్మా నేనూ విమానం టికెట్ల దుకాణం మెట్ల మీద కూర్చుని ఉన్నాం. కార్మెలో ఇచ్చిన చెక్క పాత తువ్వాలులో చుట్టి ఆమె ఒళ్లో ఉంది. తలుపు తీసిన అమ్మాయి ఎన్ని టికెట్లని అడిగింది. రెండు అన్నాను. ఈసారి రాయడానికి కాదు, కప్పు మీదికి నీళ్లు మోయడానికి.