వెళ్ళొస్తానన్న మాటకు ఇంగ్లీషు

ఇస్త్రీ అక్కకు ఇంగ్లీషులో మొదట పట్టుబడిన మాటలు మూడే. టోర్న్ అంటే చిరిగింది, స్టెయిన్డ్ అంటే మరకపడింది, మిస్సింగ్ అంటే కనబడనిది. ఆమె పనిచేసే లాండ్రీకి ఆసుపత్రుల నుంచి, హోటళ్ళ నుంచి దుప్పట్లు మూటలుగా వస్తాయి. ఆవిరి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి పదకొండేళ్ళుగా వాటి ముడతలు తీస్తోంది. ఒక్క దుప్పటి తగ్గినా ఆ మూటకు మిస్సింగ్ అని అచ్చువేసిన పసుపు చీటీ కట్టాలి. చీటీ కట్టిన మూట గుమ్మం దాటదు. ఉతికే తొట్టెలు, ఆరబెట్టే గది, తోపుడుబండి అడుగు, అన్నీ గాలించాల్సిందే. దుప్పటి తనంతట తాను వెళ్ళిపోయిందని రాసి చేతులు దులుపుకొనే హక్కు అక్కడ సూపర్వైజరుకు కూడా లేదు.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్. మూడేళ్ళ కిందట ఒక మంగళవారం ఉదయం పనిముట్ల సంచీ పక్కన పెట్టుకొని, గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు ముడివేసుకుంటూ "వెళ్ళొస్తా" అన్నాడు. పొయ్యి దగ్గరున్న ఆమె తల తిప్పకుండానే "ఊఁ" అంది. ఊరికి ఆ చివర ఆగిపోయిన లిఫ్టు బాగుచేయడానికి బయలుదేరిన మనిషి ఆ భవనానికి చేరలేదు, ఇంటికీ తిరిగి రాలేదు. ఆనాడు ఒక్కసారి తల తిప్పి ఉంటే ఆయన ఏ చొక్కా వేసుకున్నాడో పోలీసు స్టేషనులో చెప్పగలిగేదాన్నని ఆమె ఇప్పటికీ తనను తాను క్షమించుకోలేదు.

స్టేషనులో రాతకోతలు చూసే రైటరు అడిగినవన్నీ తెలుగులోనే అడిగాడు. రాసుకున్నది మాత్రం ఇంగ్లీషులో. "పోయేముందు ఏమన్నాడు?" అన్నాడు. "వెళ్ళొస్తానన్నాడండీ" అంది. కలం గీరిన చప్పుడు వినిపించింది. చూపించిన చోట ఆమె సంతకం పెట్టింది. చదవలేని మనిషి చేత, చదివి వినిపించని కాగితం మీద సంతకం తీసుకోవడాన్ని ఆ గదిలో వాంగ్మూలం నమోదు అంటారు.

ఏడాది తిరక్కుండా టపాలో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి ఆమె వాంగ్మూలం నకలు, రెండోది స్టేషను ఉత్తరం. వీధి చివర జెరాక్స్ షాపాయన ఉత్తరాన్ని పైపైన చూసి, "ఫైలు మూసేశారమ్మా" అన్నాడు.

"ఎందుకు మూశారండీ?"

"ఏదో రాశారులెండి. అదంతా స్టేషను ఇంగ్లీషు, మనకెక్కడ అంతుబడుతుంది?"

ఎందుకు మూశారో తన కళ్ళతో చదువుకోవాలి. ఆమెకు ఇంగ్లీషు కావలసివచ్చింది అందుకే. ఉద్యోగానికీ కాదు, పదిమందిలో గొప్పకూ కాదు.

గ్రంథాలయం వెనక గదిలో ఒక రిటైరైన టీచరమ్మ ఆదివారం ఉదయాలు పెద్దవాళ్ళకు పాఠం చెప్పేది. ఆవిడ పద్ధతి ఒక్కటే. సూత్రం ఒకసారి చెప్పి, రోజుకు పది వాక్యాలు వాళ్ళ వాళ్ళ పని గురించే రాసుకురమ్మనేది. "వ్యాకరణం బీరువాలో దాచుకొనే పట్టుచీర కాదు తల్లీ, రోజూ కట్టి నలగ్గొట్టాలి" అనేది. ఇస్త్రీ అక్క అలాగే నలగ్గొట్టింది. ఐ ఐరన్ ద షీట్, ఐ ఐరన్డ్ ద షీట్, ఐ హావ్ ఐరన్డ్ ద షీట్ అని ఇస్త్రీ బల్ల మూత లేచే దాకా ఒక కాలం, దిగే దాకా ఒక కాలం వల్లించేది.

పక్క బల్ల దగ్గర దుప్పట్లు మడతపెట్టే పిల్ల ఊరుకునేది కాదు. "ఏంటక్కా, దుప్పటితో ఇంగ్లీషా? అదేమన్నా జవాబు చెప్తోందా?"

"చెప్పదు లేవే. కానీ తప్పు మాట్లాడినా పళ్ళికిలించదు. నీకన్నా అదే నయం."

రెండో ఏడు, ఇంట్లో ఒక మనిషి గురించి పది వాక్యాలు రాయమంది టీచరమ్మ. ఇస్త్రీ అక్క మొదటి వాక్యం ఇలా రాసింది: మై హస్బెండ్ ఈజ్ లిఫ్ట్ మెకానిక్. టీచరమ్మకు సంగతి తెలుసు. ఆవిడ ఎర్రకలం ఆ 'ఈజ్' మీద కాసేపు ఆగింది. దాన్ని ముట్టుకోలేదు. 'లిఫ్ట్'కు ముందు లోపించిన 'ఎ' మాత్రం చేర్చి కిందికి దిగింది.

చివరి వాక్యం దగ్గర మాత్రం కలం ఊరుకోలేదు. హీ సెడ్, ఐ విల్ గో అండ్ కమ్ అని ఉంది. ఆవిడ అడ్డంగా గీత గీసింది.

"ఇలా అనరమ్మాయ్. ఇది తెలుగుకు ఇంగ్లీషు చొక్కా తొడిగినట్టుంది. వెళ్ళేవాడు ఇంగ్లీషులో వెళ్తున్నాననే అంటాడు. తిరిగి వస్తానని చెప్పాలంటే అది వేరే మాట."

"ఆ వేరే మాట రాయకపోతే టీచరమ్మా?"

"రాయకపోతే వెళ్ళాడనే అర్థం. వస్తాడో రాడో వాక్యానికేం తెలుసు?"

ఇస్త్రీ అక్క ఆ పూట పుస్తకం మూసి మళ్ళీ తెరవలేదు. ఇంటికి వెళ్ళి, మంచం కింద పెట్టెలోంచి ఆ రెండు కాగితాలు తీసి, నిఘంటువు పక్కన పెట్టుకొని కూర్చుంది. వాంగ్మూలంలో ఆరో వరుస: మై హస్బెండ్ టోల్డ్ మీ దట్ హీ వాజ్ లీవింగ్. లీవ్ అన్న మాటకు నిఘంటువులో వెళ్ళిపోవుట, విడిచిపెట్టుట అని ఉంది. అట్టడుగున, తన సంతకానికి సరిగ్గా పైన, ఇది నాకు చదివి వినిపించగా సరియని ఒప్పుకొన్నాను అనే అర్థం వచ్చే వరుస. ఇక రెండో కాగితంలో కారణం: భార్య వాంగ్మూలాన్ని బట్టి, ఇష్టపూర్వకంగా ఇల్లు విడిచి వెళ్ళినాడు గనుక వెతుకులాట అవసరం లేదు.

ఆయన రెండు క్రియలు కలిపి ఒక్క గుక్కలో అన్న మాటలోంచి రావడాన్ని కోసి పారేశారు. మిగిలిన సగానికి తనను సాక్షిగా నిలబెట్టారు.

సెలవు రోజు మధ్యాహ్నం ఆమె తన చేత్తో రాసిన కాగితం పట్టుకొని స్టేషనుకు వెళ్ళింది. అదే రైటరు, అదే బల్ల. కాగితం చదువుతూ నవ్వాడు. "ఐ విల్ గో అండ్ కమ్మా! ఇదేం ఇంగ్లీషమ్మా?"

"ఇంగ్లీషు తప్పేనండీ. మాట మాత్రం ఆయనదే. మీరు రాసిన ఇంగ్లీషు ఒప్పే, కానీ ఆ మాట ఆయనది కాదు."

"రెంటికీ తేడా ఏముంది? పోయాడు, రాలేదు. ఫైలు కూడా ఎప్పుడో మూసేశాం."

లోపలి గదిలోంచి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇస్త్రీ అక్క ఆగకుండా రైటరునే అడిగింది.

"ఒక్క మాట చెప్పండి. ఈ పొద్దున మీరు డ్యూటీకి బయలుదేరేటప్పుడు ఇంట్లో ఏమని వచ్చారు?"

"ఏమంటాను? వెళ్ళొస్తానని..."

"మీరు ఇల్లు విడిచి వెళ్ళిపోయారా అండీ?"

ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి చాచి కాగితం తీసుకుంది. రెండుసార్లు చదివింది. "ఆనాడు ఈవిడకు చదివి వినిపించావా?" అని అడిగింది. రైటరు ఫైళ్ళ వైపు చూశాడు. "ఇది అదనపు వాంగ్మూలంగా చేర్చు. ఆవిడ మాట ఎలా ఉందో అలాగే, తెలుగులో కూడా రాయి. ఫైలు తిరిగి తెరువు, మిస్సింగ్ కింద. అన్ని స్టేషన్లకూ, ఆసుపత్రులకూ ఫొటోతో ఉత్తరాలు పోవాలి."

మిస్సింగ్ అన్న మాట చెవిన పడగానే ఇస్త్రీ అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది తనకు తెలిసిన మాట. ఇక వెతక్కుండా మూట గుమ్మం దాటదు.

ఈసారి రైటరు రాసిందంతా చదివి వినిపించాడు. విన్నాక కూడా ఆమె కాగితం అడిగి తీసుకొని, అక్షరం వెంట అక్షరం తానే చదివి, అప్పుడు సంతకం పెట్టింది.

ఇంట్లో అత్తగారు మంచం అంచున కూర్చుని ఎదురుచూస్తోంది. "ఏమన్నారే?"

"మళ్ళీ వెతుకుతారట అత్తయ్యా."

ముసలావిడ గుమ్మం వైపు చూసింది. "వస్తాడంటావా?"

ఇస్త్రీ అక్క స్టేషనులో ఇచ్చిన కొత్త నకలు కాగితాన్ని మడత నలగకుండా పెట్టెలో పెడుతూ అంది. "వస్తానన్నాడుగా అత్తయ్యా. ఇప్పుడది కాగితం మీద కూడా ఉంది."