ప్లాస్టిక్ వీపు

గ్రేటర్ నోయిడాలో నేను పాఠాలు చెప్పే మెడికల్ కాలేజీకి ఒక వీపు వచ్చింది. తల లేదు, కాళ్ళు లేవు, మెడ కింద నుంచి నడుము దాకా అంతే. వెన్నులో మత్తు సూది ఎలా గుచ్చాలో దాని మీద నేర్చుకోవచ్చు. సరిగ్గా దిగితే నీళ్ళు చుక్కలుగా కారతాయి, ఎముకకి తగిలితే కీచుమంటుంది. ఆ కీచు విని పిల్లలు నవ్వుకుని మళ్ళీ గుచ్చుతారు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. పెద్దాసుపత్రిలో మేము పేషెంట్ల మీదే నేర్చుకున్నప్పుడు తప్పు చేసి నవ్వే వీలెక్కడిది? సూది పక్కకి పోతే వెనక నుంచి ప్రొఫెసర్ తిట్లు.

అందరికంటే ఎక్కువ కుళ్ళు మా పీజీ అమ్మాయి మీద. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగుపిల్ల, తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కి పోతే తను ఆ వీపు ముందు కూర్చునేది. నాకు ఏళ్ళు పట్టిన పని ఆమెకి ఒక చలికాలంలో వచ్చేసింది. మొదటిసారి మనిషికి గుచ్చే రోజు నేను పక్కనే నిలబడ్డాను. తడబడాలని కోరుకున్నాను, దాచడమెందుకు.

పేషెంటు ఒక ఆఫీసరుగారి తల్లి. గుంటూరావిడ, మోకాలి ఆపరేషన్‌కి వచ్చింది. ఆవిణ్ణి బల్ల మీద వంగి కూర్చోబెట్టారు. అమ్మాయి వేలితో చోటు వెతికింది, మందు పూసింది, సూది తీసింది. ఆవిడతో ఒక్క మాట చెప్పలేదు. ప్లాస్టిక్ వీపుతో ఎవరు మాట్లాడతారు? సూది తగలగానే పెద్దావిడ ఉలిక్కిపడి ముందుకు జరిగింది. అమ్మాయి చెయ్యి వెనక్కి లాక్కుని కొయ్యబారిపోయింది.

నాకు లోపల ఎంత హాయిగా ఉందో! ముందుకెళ్ళి పెద్దావిడ భుజాలు పట్టుకున్నాను. ఇప్పుడు చల్లగా తగులుతుంది, ఇప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది అని ఒక్కొక్కటే చెప్పాను. ఆవిడ నా భుజానికి తల ఆనించింది. అమ్మాయి మళ్ళీ గుచ్చింది, ఒక్క పోటుతో దిగింది. అంత తేలిగ్గా నేను ఇప్పటికీ దించలేను.

"అయిపోయిందా? నాకు తెలియనే లేదు. నీ చెయ్యి చల్లగుండ తల్లీ," అంది ఆవిడ, వెనకున్న అమ్మాయితో. భుజాలు పట్టుకున్నది నేను, దీవెన ఆ పిల్లకి.

ఆపరేషన్ అయ్యాక చేతులు కడుక్కుంటుంటే అమ్మాయి పక్కన చేరింది. ఆ రోజు మాత్రం తెలుగులోనే కూడబలుక్కుని మాట్లాడింది.

"నాకు చాలా భయమేసింది మేడమ్. బొమ్మ ఎప్పుడూ కదల్లేదు. మీ ఫస్ట్ పేషెంట్ భీ... కూడా కదిలారా?"

"కదల్లేదు," అన్నాను.

ఆయన రిక్షా తొక్కేవాడు. నేను ఎన్నిసార్లు తప్పుగా గుచ్చినా బల్ల అంచు గట్టిగా పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కదిలితే డాక్టరమ్మకి కోపమొస్తుందని, ఆపరేషన్ చెయ్యకుండా పంపేస్తారని భయపడ్డాడట. తర్వాత నర్సు చెప్పింది.

అమ్మాయి తడి చేతులు విదిలించుకుంటూ నేనింకేమైనా చెబుతానని చూస్తోంది. ఆమె నేర్పు వెనక అలా నొప్పి ఓర్చుకున్న మనిషి ఎవరూ లేరు. నా కుళ్ళంతా అందుకే.