అక్క కోసం మూసిన కిటికీలు

మా పైవాటాలో ఉండే ఆయన్ని వీధంతా పరదాల బాబాయి అంటుంది. కిటికీ పరదాలు కుట్టడం ఆయన పని. ఎవరింటికి వెళ్ళినా ముందు కిటికీలు చూస్తాడు, ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు. పిన్ని పోయాక ఆ రెండు గదుల్లో ఆయనా, తొక్కుడు మిషనూ మిగిలారు. పైనుంచి మిషను చప్పుడు వినబడుతుంటే బాబాయి బాగున్నాడని నాకు ధైర్యం.

ఏటా చలికాలంలో ఆయన అక్కగారు వచ్చి నెల్లాళ్ళు ఉండేది. ఆ నెలంతా మిషను చప్పుడు తక్కువ, మాటల చప్పుడు ఎక్కువ. ఆవిడ గొంతు విప్పితే కింద మా ఇంట్లో గిన్నెలు కూడా వినాల్సిందే. ఆవిడకి ఉబ్బసం, చల్లగాలి సోకితే ఆయాసం మొదలవుతుంది. అందుకని హీటరు పక్కనే కుర్చీ. తమ్ముడంటే ప్రాణం, పురుగంటే ప్రాణభయం.

కిందటేడు ఆవిడ కాఫీలో అక్షింతల పురుగు పడింది. చూసుకోకుండా గుక్కెడు తాగేసింది.

ఆ పురుగులు చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి. ఎర్రటి వీపు, నల్ల చుక్కలు. కానీ చలి మొదలవుతూనే ఎండ తగిలే గోడ చూసుకుని గుంపులుగా వాలి, కిటికీ చట్రాల సందుల్లో దూరి పడుకుంటాయి. నలిపితే పసుప్పచ్చటి చెమ్మ వదులుతాయి. దాని కంపు గదిని వదలదు, మరక గుడ్డని వదలదు. బాబాయి వాటిని చీపురుతో మెల్లగా చేటలోకి తీసి బయట పారబోసేవాడు. మర్నాటికి మళ్ళీ హాజరు.

"ఈ పురుగులు పోయేదాకా నీ గడప తొక్కను" అని ఆవిడ బస్సెక్కేసింది. కోపంలో అన్న మాట. ఇంకొకరైతే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాళ్ళు. బాబాయి దాన్ని ఏడాదంతా మనసులో పెట్టుకున్నాడు.

చలి ముందర ఊళ్ళో అందరికీ మందపాటి పరదాలు కావాలి. ఆయనకి ఊపిరి సలపని రోజులవి. అందరి కిటికీల పనీ అయ్యాక తన కిటికీలు పట్టుకున్నాడు. టేపు పెట్టి ప్రతి సందూ కొలిచాడు. పరదా పేలికలు సన్నగా చుట్టి, సందుల్లో కూరి, పైన లప్పం పూశాడు. తలుపు కిందకి ఇసక నింపిన గుడ్డ గొట్టం కుట్టాడు. గాలి వచ్చే కంతకి జాలీ బిగించాడు. ఆఖరికి చీమ కూడా అడిగి రావాల్సినట్టు చేశాడు.

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకు బాబాయ్?" అన్నాను.

"నీకు తెలీదమ్మా. ఈసారి అక్క ఉంటుంది" అన్నాడు.

కరెంటు దండగని ఒంటరిగా ఉన్నప్పుడు హీటరు వేసుకోడు. ఆ చల్లటి గదిలో చాలా రోజులు కాపలా కాశాడు. ఒక్క పురుగూ కనబడలేదు. అప్పుడు అక్కకి ఫోను చేశాడు. ఆవిడ వచ్చింది. ఆయన మెట్ల మీద ఆవిడ సంచీ మోసుకెళ్తుంటే, చాలాకాలం తర్వాత ఆ మనిషి ఈల వేయడం విన్నాను.

అక్క కూర్చోగానే హీటరు వేశాడు. గది వెచ్చబడింది. సాయంత్రానికి పరదా కడ్డీ మీద ఒకటి పాకింది. తర్వాత కప్పు మూల నుంచి, స్విచ్చుల పెట్టె వెనక నుంచి ఒకదాని వెంట ఒకటి. చూస్తుండగా తెల్లటి గోడంతా ఎర్రటి చుక్కలు. ఆవిడ కేకకి నేను పైకి పరిగెత్తాను. ఆవిడ తల మీద తువ్వాలు కప్పుకుని మంచం మధ్యలో కూర్చుని ఉంది. బాబాయి చేట పట్టుకుని గది మధ్యలో నిలబడిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావు బాబాయ్. అవి చలికి ముందే దూరాయి. నువ్వు వాటిని గోడలో పెట్టి బయటి దారి మూశావు. వెచ్చదనం తగిలితే ఇక ఇంట్లోకి కాక ఎక్కడికి వస్తాయి?" అనేశాను. అనకుండా ఉండాల్సింది. ఆయన మొహం చూశాక ఆ సంగతి అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే అక్కగారు వెళ్ళిపోయింది. ఈసారి తిట్టలేదు. "నీ తప్పేముందిరా" అని ఆయన భుజం తట్టి బస్సెక్కింది. ఆవిడ తిట్టినా బాగుండేది. తిట్టిన మనిషి మళ్ళీ వస్తుంది.

ఆ తర్వాత బాబాయి హీటరు తీసి అటక మీద పెట్టేశాడు. చలిగా ఉంటే అవి గోడలోనే నిద్రపోతాయి. గది శుభ్రంగా ఉంది, ఒక్క పురుగు లేదు, ఒక్క మనిషీ రాడు. మొన్న వేడి వేడిగా కాఫీ పట్టుకుని వెళ్ళాను. రెండు శాలువాలు కప్పుకుని మిషను ముందు కూర్చున్నాడు. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. పరదాల పని అప్పటికే అయిపోయింది, చెయ్యడానికేమీ లేదు.

అప్పుడే ఫోను మోగింది. చెవి సరిగ్గా వినబడదని ఆయన స్పీకరు పెట్టి మాట్లాడతాడు.

"ఎలా ఉన్నావురా? పురుగులు ఇంకా ఉన్నాయా?"

"ఒక్కటి లేదక్కా. ఒట్టు."

"హీటరు వేసుకుంటున్నావా?"

నా వైపు చూశాడు. "వేసుకోకేం. చెమట పడుతోంది."

ఆవిడ గొంతు మెత్తబడింది. "అయితే ఆదివారం బయల్దేరి వస్తానురా. ఇక్కడ ఒక్కదానికీ ఏం తోచడం లేదు. ఆ కాస్త పురుక్కి భయపడి నిన్ను వదిలేసి వచ్చానని రోజూ అనుకుంటున్నాను."

ఏడాదంతా ఆయన ఎదురుచూసిన మాట అది. హీటరు వేస్తే పురుగులు లేస్తాయి. వెయ్యకపోతే ఆవిడకి ఊపిరాడదు. నిజం చెప్పమని నేను సైగ చేశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడొద్దక్కా. పని నెత్తిమీదుంది. నీతో కూర్చోవడానికి కూడా తీరదు. ఎండలు ముదిరాక రా."

"అంత పనుందిరా?"

"ఇదుగో, విను" అని ఫోను మిషను బల్ల మీద పెట్టి, తొక్కడం మొదలుపెట్టాడు. సూది కింద గుడ్డ లేదు.