కారమడై అవ్వ దగ్గర నా ఇంటర్వ్యూ

2023లో మా కోయంబత్తూరు కాలేజీలో థర్డ్ ఇయర్ పిల్లల చేత పరిశోధన చేయించే పని నా నెత్తిన పడింది. నేను కమ్యూనికేషన్ టీచర్ని. ఎలా మాట్లాడాలో నేర్పి జీతం తీసుకుంటాను.

సింగానల్లూరు నుంచి వచ్చే శరణ్య, ఇక్కడి తెలుగిళ్ళలో పెద్దవాళ్ళు వాడే పాత వంట మాటల మీద పేపర్ రాస్తోంది. తండ్రి లేత్ వర్క్‌షాపులో పనిచేస్తాడు. పేపర్ ఎంపికైతే పైచదువుకు సీటు సులువు. శుక్రవారం గడువనగా సోమవారం ఆరు రికార్డింగులు తెచ్చింది. విని తల పట్టుకున్నాను. అన్నిట్లోనూ మాట్లాడుతున్నది శరణ్యే.

“నేను అడిగేదానికే పోతిని మిస్. వాళ్ళే అడిగిరి. ఇంటిపేరేమి, అమ్మ ఎవరింటి పిల్ల అని. చెప్పకుంటే మర్యాద కాదు కదా.”

మా వాళ్ళ పద్ధతే అంత. తెలుగు మాట్లాడే మనిషి గడప తొక్కితే, ఎవరింటివాళ్ళో తేలేదాకా వేరే మాట ఎత్తరు. ఆ సంగతి నాకు తెలియనిదా? అయినా చదువుకున్న పొగరు ఒకటి ఉంటుంది. ఇంటర్వ్యూలో పగ్గాలు మన చేతిలో ఉండాలని ఉపన్యాసమిచ్చి, ఎలా అడగాలో చూపిస్తానని మర్నాడు ఆ పిల్లను వెంటబెట్టుకుని దగ్గర్లోని కారమడైలో ఒక తెలుగింటికి వెళ్ళాను.

అక్కడి అవ్వ చాప పరిచింది. “కూచో కన్ను,” అంది ముద్దుగా. “నువ్వు ఎవరింటి పిల్లవి?”

అంతే. నలభై నిమిషాలు నేనే మాట్లాడాను. మోకాలి నొప్పి చెప్పాను, ఆడపడుచు సంగతి చెప్పాను. “మీ ఆఫీసరు మంచివాడేనా?” అంటే, “పని కమ్మి, పెత్తనం జాస్తి అవ్వా” అన్నాను.

“సరి, ఇంక నువ్వు అడుగు,” అంది అవ్వ. ఆ తర్వాత రెండు గంటలు ఆగకుండా చెప్పింది. శరణ్య ముఖం వెలిగిపోయింది. నాకూ సంతోషమే, గురువారం దాకా.

ట్రాన్‌స్క్రిప్ట్ అంటే రికార్డయిన ప్రతి మాటా కాగితం మీద దించడం. అందులో ఒక్క మాట తీసినా పేపర్ చెల్లదని మొదటి క్లాసులోనే బల్ల గుద్ది చెప్పాను. గురువారం శరణ్య తెచ్చిన కాగితాల్లో నా మాటలన్నీ ఉన్నాయి, పక్కన ఇంగ్లీషు అనువాదంతో సహా. వాటి కింద సంతకం పెట్టాల్సింది మా హెచ్‌ఓడీ, అంటే ఆ పెత్తనం మనిషే.

“ఆ రెండు లైన్లు తీసేసేదా మిస్?” అని మెల్లగా అడిగింది.

సరేనని నోటిదాకా వచ్చింది. ఈరోజు నాకోసం రెండు లైన్లు తీసిన పిల్ల రేపు తనకోసం పది తీస్తుంది. వద్దన్నాను. కాగితాలు పట్టుకుని నేనే హెచ్‌ఓడీ గదికి వెళ్ళాను.

ఆయనదీ తెలుగిల్లే, అవినాశి ఊరి వైపు. కళ్ళద్దాలు సర్దుకుని ప్రతి పేజీ చదివాడు. ఒక పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు. నేను ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నాను. చివరికి సంతకం పెట్టాడు.

“ప్రతి స్టాఫ్ మీటింగులోనూ ‘ఏమైనా చెప్పాల్నా’ అని అడుగుతానే ఉండాను మిస్. ఒక్కరూ నోరు తెరవరు. అవ్వ ఒక్కమారు అడిగితే అంతా చెప్పేస్తిరే.”

సిగ్గుతో చచ్చిపోయాను. శరణ్య పేపర్ మాత్రం ఎంపికైంది.

రికార్డర్ ముందు మనుషులు నిజం చెప్పరని ఏళ్ళ తరబడి నేర్పాను. చెప్తారు. అడిగేవాళ్ళకు వినాలని ఉంటే చాలు. ఇప్పుడు పిల్లల్ని ఊళ్ళకు పంపేముందు వాళ్ళ ప్రశ్నలు దిద్దుతూ కూర్చోను. అవ్వలు ఎదురు అడిగితే తమ గురించి ఏమేం చెప్పుకోగలరో కనుక్కుంటాను.