జేబు మీద చెయ్యి

మా చర్చి ఉపదేశి ప్రతి ఆదివారం ఎల్బీనగర్ నుంచి చైతన్యపురికి నడిచొచ్చి, మంచం పట్టిన అమ్మకు దివ్యసత్ప్రసాదం, అంటే సాక్షాత్తు క్రీస్తేనని మేం నమ్మే అప్పం, ఇచ్చేవారు. భార్య పోయాక ఆయన ఒంటరి. చొక్కా జేబులో ప్రసాదం డబ్బీ, దాని మీద అరచెయ్యి. వచ్చే దారిలో ఎవరు పలకరించినా పలికేవారు కాదు.

తెలంగాణ బంద్ రోజు మా సందు మొదట్లో కుర్రాళ్ళు అడ్డుపడ్డారు.

"జై తెలంగాణ అను పెద్దమనిషీ, పోనిస్తం."

ఆయనది నల్లగొండే. అయినా నోరు విప్పలేదు. ఒకడు కాలర్ పట్టుకున్నాడు. జేబు మీది చెయ్యి కదల్లేదు. నేనే పరుగెత్తి విడిపించాను.

అమ్మకు ప్రసాదం ఇచ్చి తిరిగి వెళ్తూ, ఆ కుర్రాళ్ళ ముందే ఆగి "జై తెలంగాణ!" అని అరిచారు.

"గప్పుడే అంటే అయిపోతుండె గద తాతా?"

"గప్పుడు ప్రభువు నాతోని ఉన్నడు బిడ్డా. ఆయన్ని పెట్టుకొని ఇంకొకలతోని ఎట్ల మాట్లాడుత? పోయేటప్పుడు ఒక్కన్నే. ఎవలతోనైనా మాట్లాడుత."